పాత మెకానికల్ కీబోర్డు కొని, కడిగి, మళ్లీ వాడుకలోకి తేవడం ఎలా?

పాత మెకానికల్ కీబోర్డులు, అంటే ప్రతి కీ కింద విడిగా స్విచ్చో స్ప్రింగో ఉండేవి, పోగుచేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు ఇవే: ఎక్కడ దొరుకుతాయి, నీళ్లతో కడగొచ్చా, గుండ్రటి పిన్ను ఉన్నదాన్ని ల్యాప్‌టాప్‌కి ఎలా పెట్టాలి, ఒక కీ కొడితే రెండు అక్షరాలు పడుతున్నాయి ఏం చేయాలి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. నా అల్మారాలోకి వెళ్లే ప్రతి కీబోర్డూ అన్ని కీలూ పనిచేస్తూ వెళ్లాలి. చూడ్డానికి బాగుంది కదా అని చచ్చిన కీబోర్డుని దాచుకోను. కింద చెప్పేవన్నీ ఆ నియమం చుట్టూనే ఉంటాయి.

మొదటి కీబోర్డుగా టీవీఎస్ గోల్డ్ కొనమంటాను. చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వాళ్లది. ట్యాలీలో లెక్కలు రాసే షాపులు, డీటీపీ సెంటర్లు, రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు టైప్ చేసేవాళ్లు ఏళ్ల తరబడి దీన్ని వాడారు కాబట్టి మన ఊళ్లలో దొరుకుతుంది. పాతవాటిలో ఎక్కువగా జర్మనీ కంపెనీ చెర్రీ చేసిన ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు ఉంటాయి. ఒక్కో స్విచ్ 5 కోట్ల సార్లు నొక్కినా పనిచేస్తుందని కంపెనీ లెక్క. అంటే పదేళ్లు వాడి పక్కన పెట్టేసిన కీబోర్డులో కూడా స్విచ్‌లకి ఇంకా చాలా ఆయుష్షు ఉంటుంది. చెడేది ఎక్కువగా కేబులు, దుమ్ము పట్టిన కాంటాక్టులు, టీ ఒలికిన సర్క్యూట్ బోర్డు. మూడూ చాలావరకు బాగుచేసుకోగలిగినవే.

ఐబీఎం మోడల్ ఎం, యాపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు లాంటివి రెండో, మూడో విడతకి ఉంచండి. చేయి తిరగకముందే అలాంటివాటి మీద పడితే పాడుచేసుకుంటారు. మోడల్ ఎం గురించి చివర్లో విడిగా చెబుతాను.

దగ్గర ఉండాల్సినవి

- కీక్యాప్‌లు, అంటే కీల మీది ప్లాస్టిక్ టోపీలు, లాగే తీగ పుల్లర్. ప్లాస్టిక్ రింగు పుల్లర్ వద్దు, క్యాప్ పక్కల గీతలు పెడుతుంది.
- నక్షత్రం తలది, బల్లపరుపుది రెండు స్క్రూడ్రైవర్లు
- పెయింటింగ్ బ్రష్, పాత టూత్‌బ్రష్, దూదిపుల్లలు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. 99 శాతానిది తీసుకోండి. మందుల షాపులో దొరికే 70 శాతంలో మిగతాది నీళ్లే.
- గిన్నెలు తోమే లిక్విడ్, వెడల్పాటి గిన్నె, చిల్లుల బుట్ట
- ఫోటోలకి ఫోను, ఒక నోట్‌బుక్
- స్విచ్ మార్చాల్సి వస్తే సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ లాగే పంపు, మల్టీమీటర్. మొదట్లోనే కొనక్కర్లేదు.

1. వెతకడం

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడ రోడ్డు వైపు మెరిసే షాపులు వదిలేసి, రిపేర్లు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లో అదృష్టం ఉంటే దొరుకుతాయి. బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఇలాంటివే. అమెరికాలో ఉన్నవాళ్లు పాత వస్తువుల థ్రిఫ్ట్ స్టోర్లు చూడండి, మోడల్ ఎం పుట్టిన దేశం అది.

అయితే అన్నిటికంటే మంచి చోటు మీ ఊళ్లో మూసేస్తున్న డీటీపీ సెంటర్, లేదా కంప్యూటర్లు మారుస్తున్న ఆడిటర్ ఆఫీసు. "పాత కీబోర్డులేమైనా ఉన్నాయా అన్నా" అని ఒక్కసారి అడిగి ఫోన్ నంబర్ ఇచ్చి రండి. స్క్రాప్ కొట్టుకి చేరకముందే దొరికితే కేబులు తెగకుండా ఉంటుంది. స్క్రాప్ వాళ్లు ముందు చేసే పని రాగి కోసం కేబులు కోసేయడమే.

2. డబ్బులిచ్చే ముందు చూడాల్సినవి

ముందు మెకానికలా కాదా తేల్చుకోండి. ఎంటర్ కీ నొక్కి చూడండి. కింద మెత్తగా, రబ్బరు బుడగ మీద నొక్కినట్టు ఉంటే అది మెంబ్రేన్ కీబోర్డు. సగం దారిలో టిక్కుమని తగిలి తర్వాత తేలిగ్గా దిగిపోతే బ్లూ స్విచ్.

అనుమానం ఉంటే అమ్మేవాళ్లని అడిగి ఒక క్యాప్ తీసి చూడండి. కింద ప్లస్ గుర్తులా ఉన్న కాడ కనిపించాలి. కాడ నీలమైతే టిక్కుమనే రకం. గోధుమ రంగైతే చప్పుడు తక్కువ, కానీ మధ్యలో చిన్న గడ్డ తగులుతుంది. ఎరుపు, నలుపు నున్నగా దిగిపోతాయి, నలుపుకి కాస్త బలం పెట్టాలి. అసలైన చెర్రీ స్విచ్ పైభాగం మీద ఆ పేరు అచ్చు వేసి ఉంటుంది. నీలం కాడ ఉన్నంతమాత్రాన చెర్రీ అనుకోకండి, వేరే కంపెనీలు కూడా అదే రంగులు వాడతాయి.

వయసు పట్టుకునే చిన్న గుర్తులు రెండు చెబుతాను. కీల మీద రూపాయి గుర్తు ₹ ఉందా చూడండి. ఆ గుర్తుని ప్రభుత్వం ఆమోదించింది 2010 జులైలో, కాబట్టి అది అచ్చువేసి ఉన్న కీబోర్డు అంతకంటే పాతది కాలేదు. ఇక విండోస్ కీ లేకపోతే ఆ డిజైన్ దాదాపుగా 1995 కంటే ముందుది. దాదాపుగా అంటున్నాను, ఎందుకంటే పాత అచ్చుల్నే తర్వాత కూడా చాలాకాలం వాడిన కంపెనీలున్నాయి. రెండు గుర్తులూ అడుగున ఉన్న లేబుల్‌తో సరిపోతేనే రాసుకోండి.

తర్వాత ఈ వరుసలో చూడండి:

- కేబులు కీబోర్డులోకి వెళ్లే చోట వంచి చూడండి. తొక్క పగిలి లోపలి రంగు తీగలు కనిపిస్తే ధర తగ్గించమనండి.
- కీబోర్డుని తలకిందులు చేసి మెల్లగా ఊపండి. దుమ్ము, మెతుకులు రాలితే పర్వాలేదు. జిగట మరక కనిపిస్తే ఏదో ఒలికిందన్నమాట.
- వెనక స్క్రూలు తుప్పు పట్టాయా? విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ల కీబోర్డుల్లో ఇది ఎక్కువ. స్క్రూ తుప్పు పడితే లోపలి ఇనుప పలక కూడా పట్టి ఉంటుంది.
- క్యాప్‌లన్నీ ఉన్నాయా లెక్కపెట్టండి. పొడవు క్యాప్‌లు, అంటే స్పేస్‌బార్, షిఫ్ట్, ఎంటర్ పోతే విడిగా దొరకడం కష్టం.

కొత్త కీబోర్డు ధరలో సగం దాటితే పాతదాన్ని నేను కొనను. ఒకచోట "వర్కింగ్ కండిషన్" అని గట్టిగా చెప్పి అమ్మారు, నేనూ విప్పి చూడకుండా తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే బోర్డు మీద రాగి గీతలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అప్పటినుంచి షాపులోనే ఏదో ఒక కంప్యూటర్‌కి పెట్టి చూపించమని అడుగుతున్నాను. చూపించనంటే మాత్రం విడిభాగాల ధరకే కొనండి.

3. తగిలించడం

యూఎస్‌బీ ఉంటే చిక్కు లేదు. గుండ్రటి పిన్నుతోనే వస్తుంది సమస్యంతా.

చిన్న గుండ్రటి పిన్ను, లోపల ఆరు సూదులుంటే పీఎస్/2. ఐబీఎం 1987లో తెచ్చింది. డెస్క్‌టాప్ వెనక ఊదా రంగు రంధ్రం కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది. హెచ్చరిక: పీఎస్/2 పిన్నుని కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పెట్టకండి, తీయకండి. ఆపి, పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా పెడితే మదర్‌బోర్డులో ఆ పోర్టు పోయే ప్రమాదముంది. పిన్ను తిరగేసి బలవంతంగా తోస్తే సూదులు వంగిపోతాయి, బాణం గుర్తు చూసి పెట్టండి.

పెద్ద గుండ్రటి పిన్ను, ఐదు సూదులుంటే అది అంతకంటే పాతది. ఐదు సూదుల నుంచి ఆరు సూదులకి మార్చే ముక్క చవగ్గానే దొరుకుతుంది. కానీ మొదటితరం ఐబీఎం పీసీ, ఎక్స్‌టీ కాలం కీబోర్డులకీ ఇదే పిన్ను ఉంటుంది. వాటి భాష, అంటే కంప్యూటర్‌కి సంకేతాలు పంపే పద్ధతి, వేరు. ముక్క పెట్టినా పలకవు.

ల్యాప్‌టాప్‌కి పెట్టాలంటే కన్వర్టర్ కావాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. చిన్న ఊదా రంగు ప్లాస్టిక్ ముక్క కొని, పనిచేయట్లేదని కీబోర్డుని తిడతారు. ఆ ముక్కలో తీగలు తప్ప ఏమీ ఉండవు. కీబోర్డుకి పీఎస్/2, యూఎస్‌బీ రెండు భాషలూ వస్తేనే అది పనికొస్తుంది. పాతవాటికి చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది పొట్టి కేబుల్‌తో వస్తుంది, చివర కీబోర్డుకి ఒకటి, మౌస్‌కి ఒకటి రెండు రంధ్రాలుంటాయి. సోల్డరింగ్ వచ్చినవాళ్లు ప్రో మైక్రో అనే చిన్న చిప్ బోర్డు మీద కీబోర్డుల కోసం రాసిన క్యూఎంకే ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రాం) వేసి సొంతంగా చేసుకోవచ్చు. ఎక్స్‌టీ, యాపిల్ కీబోర్డులకి చివరికి అదే దారి.

4. విప్పకముందే ఒకసారి పరీక్ష

దీన్ని వదిలేయకండి. ఉతికాక పనిచేయని కీ, ముందే పనిచేయనిదో మీ చేతుల్లో పోయిందో తేలాలంటే ఈ పరీక్షలో రాసుకునే చీటీ ఒక్కటే ఆధారం.

విండోస్‌లో విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. ఎడమ పై మూల ఎస్కేప్ నుంచి మొదలుపెట్టి వరుసగా ఒక్కో కీ నొక్కుతూ తెర మీద వెలుగుతోందా చూడండి. తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి అక్షరాన్ని పదిసార్లు కొట్టండి. పది కొడితే పదకొండు పడినా, తొమ్మిదే పడినా ఆ కీ పేరు చీటీలో రాసి సున్నా చుట్టండి.

ఒక అడ్డువరుసలోనో, బోర్డులో ఒకే గీత మీదో ఉన్న కీలన్నీ కలిసి చచ్చిపోతే తప్పు స్విచ్‌లది కాదు. కీలన్నీ నిలువు, అడ్డు గీతల వలలా కలిపి ఉంటాయి, వాటిలో ఒక గీత తెగిందన్నమాట. అలాంటప్పుడు స్విచ్‌లు పీకడం మొదలుపెట్టకండి. బోర్డు మీద చిలుము ఎక్కడుందో వెతకండి.

5. ఫోటో తీసి, క్యాప్‌లు తీయడం

ముందు ఫోటో. పైనుంచి ఒకటి, నంబర్ల వైపు దగ్గరగా ఒకటి, కింద లేబుల్ ఒకటి. ఎక్కడివక్కడ గుర్తుంటాయిలే అనుకుంటారు, ఉండవు. స్క్రోల్ లాక్ పక్కన ఏముందో చూడకుండా చెప్పగలరా?

పుల్లర్ తీగలు క్యాప్ రెండు మూలల కిందికి దిగాక కొద్దిగా తిప్పి, నిటారుగా పైకి లాగండి. ఒక పక్కకి వంచి లాగితే ప్లస్ ఆకారం కాడ విరుగుతుంది. స్పేస్‌బార్, షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ కింద అవి అటూ ఇటూ ఒరగకుండా పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి ఇనుప తీగ. వీటిని రెండు చివర్ల నుంచీ కొద్దికొద్దిగా లేపండి. తీగ కొక్కేనికి తగిలి ఉంటే ముందు కొక్కెం వదిలించాలి. ఇవి ఎలా కూర్చున్నాయో దగ్గరగా ఫోటో తీసుకోండి, మళ్లీ పెట్టేటప్పుడు అసలు కష్టం ఇక్కడే.

క్యాప్‌లు తీస్తూ వాటిని చూడండి, నాకు ఈ పనిలో ఇష్టమైన భాగం ఇదే. ట్యాలీ మీద పనిచేసిన కీబోర్డులో కుడిచివర ఎంటర్, నంబర్లు అరిగి ఉంటాయి, అక్షరాలు కొత్తగా ఉంటాయి. ఇంగ్లీషు ఎక్కువ కొట్టినదానిలో E, A కీలు అరుగుతాయి. ఒక డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన కీబోర్డులో మాత్రం డి కీ అద్దంలా నున్నగా ఉంది, పక్కన ఎస్, ఎఫ్ కంటే ఎక్కువగా. కాసేపు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది: తెలుగు కొట్టడానికి వాడే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో డి మీద ఉండేది పొల్లు. తెలుగులో ఒత్తు పడ్డ ప్రతిసారీ దాన్ని కొట్టాలి. అమ్మ అన్నా, అక్క అన్నా, ఉద్యోగం అన్నా ఎడమచేతి నడివేలు ఆ ఒక్క కీ మీదికే వెళ్తుంది. ఆ కీబోర్డు మీద ఏళ్లపాటు ఎవరో తెలుగు కొట్టారు. ఆ క్యాప్‌ని నేను మార్చలేదు.

6. క్యాప్‌లు కడగడం

చేయి పెట్టి హాయిగా ఉంచగలిగినంత గోరువెచ్చని నీళ్లు. అందులో గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు. క్యాప్‌లు వేసి గంటసేపు నానబెట్టి, టూత్‌బ్రష్‌తో ఒక్కోటీ రుద్దండి. చిల్లుల బుట్టలో వేసి రెండుసార్లు మంచినీళ్లతో కడగండి.

ఇక్కడ చేసే తప్పులు:

మరిగే నీళ్లు పోయడం. నేను మొదట్లో జిడ్డు త్వరగా వదులుతుందని పొయ్యి మీంచి దించిన నీళ్లే పోశాను. స్పేస్‌బార్ విల్లులా వంగింది, మళ్లీ సరిగా కూర్చోలేదు.

గోళ్ల రంగు తీసే ద్రవం, థిన్నర్, పెట్రోల్ వాడటం. ప్లాస్టిక్ కరిగి పైపొర జిగటగా అవుతుంది, అక్షరాలు పోతాయి.

తెలుగు స్టిక్కర్లని గోరుతో గీకడం. స్టిక్కర్ మీద కొబ్బరినూనె రాసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బట్టతో తుడిస్తే జిగురుతో సహా వస్తుంది, తర్వాత సబ్బునీళ్లతో కడగండి. స్టిక్కర్లు బాగుంటే మాత్రం తీయకండి, అవీ ఆ కీబోర్డు చరిత్రే.

సరిగా ఆరకముందే పెట్టేయడం. ప్లస్ రంధ్రంలో ఒక నీటిచుక్క ఉండిపోతుంది, పైనుంచి కనిపించదు. రంధ్రాలు కిందికి ఉండేలా పాత టవల్ మీద పరిచి ఫ్యాన్ కింద ఒక రోజు ఉంచండి. వానాకాలమైతే రెండు రోజులు. ఎండలో వద్దు, హెయిర్ డ్రైయర్ వద్దు.

క్యాప్‌లు ఏ ప్లాస్టిక్‌వో తెలుసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. గ్లాసు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలపండి. కడిగిన క్యాప్‌ని ముంచి, లోపలి గాలిబుడగలు పోయేలా తిప్పి వదలండి. తేలితే ఏబీఎస్, మునిగితే పీబీటీ. ఏబీఎస్ వాడకంతో మెరుపు తేలుతుంది, పీబీటీ చాలాకాలం గరుకుగా ఉంటుంది. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో మళ్లీ కడగడం మర్చిపోకండి.

7. ఒళ్లు శుభ్రం చేయడం

స్విచ్‌లున్న భాగానికి నీళ్లు తగలకూడదు. కీబోర్డుని తలకిందులుగా పట్టుకుని పెయింటింగ్ బ్రష్‌తో వరుసల మధ్య దుమ్ము రాల్చండి. జిగట ఉన్నచోట దూదిపుల్లని ఆల్కహాల్‌లో ముంచి, పిండి, తుడవండి. కారేంత తడి వద్దు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి వెలిగించి ఉండకూడదు.

ఇనుప పలక మీద సన్నటి తుప్పు ఉంటే పొడి టూత్‌బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని కీబోర్డు తలకిందులుగానే తట్టి పడేయండి. స్విచ్‌లో పడితే కాంటాక్టు చెడుతుంది. పెంకుల్లా లేచిన తుప్పు అయితే స్విచ్‌లన్నీ ఊడదీసి పలక బయటికి తీయాలి. అది మొదటి కీబోర్డుకి పెట్టుకునే పని కాదు.

పై ప్లాస్టిక్ కవరుని బోర్డు నుంచి విడదీసి సబ్బునీళ్లతో కడగొచ్చు. వెనక లేబుల్ ఉన్న భాగాన్ని మాత్రం తడిబట్టతో తుడవండి చాలు. లేబుల్ పోతే తేదీ, నంబరు రెండూ పోయినట్టే.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ని తెల్లబరచడం గురించి చాలామంది అడుగుతున్నారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టే పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ సమంగా పూయకపోతే మచ్చలు పడతాయి, చర్మం కాలుతుంది, కొన్నాళ్లకి పసుపు మళ్లీ రావచ్చు. నేను చేయను. చేసి తీరాలనుకుంటే చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ముందు పనికిరాని ఒక క్యాప్ మీద చూసుకోండి.

8. మొరాయించే కీలు

చీటీలో సున్నా చుట్టినవి ఇప్పుడు తీయండి. తేలిక మందు నుంచి మొదలుపెట్టాలి.

మొదట కేబులు తీసేసి, ఆ స్విచ్‌ని రెండు మూడు వందలసార్లు నొక్కండి. చాలాకాలం వాడక కాంటాక్టు మీద పొర పట్టిన స్విచ్‌లు సగం దీనికే దారికొస్తాయి. అలా కాకపోతే కాడని కిందికి నొక్కిపట్టి, పక్క సందులోంచి ఒక చుక్క ఆల్కహాల్ వేసి, మరో వందసార్లు నొక్కి, రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఆరాకే కేబులు పెట్టాలి. డబ్ల్యూడీ-40, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె స్విచ్‌లో వేయొద్దు. ఆ రోజు బాగైనట్టే ఉంటుంది, తర్వాత దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది.

అప్పటికీ పలక్కపోతే అడుగు కవరు తీసి, ఆ స్విచ్ రెండు కాళ్లనీ బోర్డు వెనక నుంచి చిన్న తీగముక్కతో ఒక్క క్షణం కలపండి, కీబోర్డు యూఎస్‌బీకి పెట్టి ఉండగా. అక్షరం పడితే బోర్డు బాగుంది, స్విచ్ పోయింది. పడకపోతే స్విచ్ దాకా వచ్చే గీతలో తేడా, మల్టీమీటర్‌తో ఆ గీత వెంబడి చూసుకుంటూ వెళ్లాలి. ఈ ఒక్క పరీక్ష తెలియక మంచి స్విచ్‌లు పీకేసినవాళ్లు ఉన్నారు.

స్విచ్ మార్చాలంటే ఎక్కువగా వాడని కీ ఒకటి చూసుకోండి, స్క్రోల్ లాక్, పాజ్ లాంటిది. దాని స్విచ్ తీసి ఇక్కడ, ఇక్కడిది అక్కడ. పాత కీబోర్డుకి అదే వయసు స్విచ్ పడితే వేలికి తేడా తెలియదు. సోల్డర్ కరిగించేటప్పుడు ఒకేచోట ఐరన్‌ని మూడు నాలుగు సెకన్ల కంటే ఎక్కువ ఉంచకండి, బోర్డు మీది రాగి లేచిపోతుంది.

9. మళ్లీ పెట్టడం, చూసుకోవడం

పొడవు క్యాప్‌లు ముందు, చిన్నవి తర్వాత. క్యాప్‌ని కాడ మీద నిటారుగా పెట్టి బొటనవేలితో నొక్కితే చిన్నగా కూర్చున్న చప్పుడు వస్తుంది. ఒక్కో వరుస క్యాప్ ఏటవాలు ఒక్కోలా ఉంటుంది. అక్షరం కనిపించకుండా అరిగిన క్యాప్‌లు వేరే వరుసలోకి వెళ్లాయేమో పక్కనుంచి కంటిమట్టంలో చూడండి, మెట్టులా లేచినది ఉంటే తప్పు వరుస. ఎఫ్, జె మీద వేలికి తగిలే గీతలు సరైన చోట ఉన్నాయా తడిమి చూడండి.

స్పేస్‌బార్‌ని ఎడమ చివర, మధ్యలో, కుడి చివర విడివిడిగా నొక్కండి. మూడుచోట్లా ఒకేలా దిగి, ఒకేలా లేవాలి. ఒక చివర ఆగిపోతే కింద తీగ కొక్కెంలో పడలేదు.

ఇప్పుడు నాలుగో అంకెలో చేసిన పరీక్ష మొత్తం మళ్లీ చేసి పాత చీటీతో పోల్చండి. తర్వాత రెండు పేజీలు ఏదైనా టైప్ చేయండి, ఉత్తరమైనా సరే. విడివిడిగా బాగా పలికి, వేగంగా కొట్టేటప్పుడు తప్పే కీలు అప్పుడే బయటపడతాయి. మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కినప్పుడు ఒకటి పడకపోతే టెన్షన్ పడకండి. చాలా పాత కీబోర్డుల వైరింగే అంత, రిపేరు కాదు.

మోడల్ ఎం దొరికితే

1980ల మధ్యలో ఐబీఎం తెచ్చిన కీబోర్డు ఇది. ప్రతి కీ కింద ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కేకొద్దీ అది నొక్కుకుపోయి ఒక్కసారిగా పక్కకి వంగుతుంది, ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. బరువు రెండు కిలోల పైమాటే. అడుగున తెల్ల లేబుల్ మీద తయారైన తేదీ, నంబరు ఉంటాయి. 1391401 అని ఉంటే అందరికీ బాగా తెలిసిన 101 కీల రకం.

దీనికి పైన చెప్పినవాటిలో మూడు మారతాయి. విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు, 5.5 మిల్లీమీటర్ల సన్నగోడ నట్ డ్రైవర్ కావాలి, లోతైన గుంటల్లో దిగేది. రెండోది, లోపల ప్లాస్టిక్ పలకనీ ఇనుప పలకనీ కలిపి పట్టుకునేవి ప్లాస్టిక్ రివెట్లు. వయసుతో అవి విరుగుతాయి. కొనేముందు అటూ ఇటూ వంచి ఊపండి, లోపల చిన్న ముక్కలు గలగలమంటే రివెట్లు పోయాయి. కొన్ని పోతే పర్వాలేదు. ఒకే చోట వరుసగా పోతే అక్కడి కీలు మెత్తబడతాయి, అప్పుడు రివెట్ల స్థానంలో సన్న బోల్టులు బిగించాలి, ఒక ఆదివారమంతా పడుతుంది. మూడోది, లోపల కాంటాక్టులు పలుచటి ప్లాస్టిక్ పొరల మీద ఉంటాయి. పొరల మధ్యకి తడి వెళ్తే పని అయిపోయినట్టే. ఆల్కహాల్ చుక్కలు వేసే చిట్కా దీనికి వద్దు.

క్యాప్ పోతే దిగులుపడకండి. ఇదే రకం కీబోర్డులని అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో యూనికాంప్ అనే కంపెనీ చేస్తోంది, వాటి క్యాప్‌లు సరిపోతాయి.

దాచడం, రాసుకోవడం

నోట్‌బుక్‌లో ఒక్కో కీబోర్డుకి ఒక పేజీ ఇవ్వండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి కొన్నారు, లేబుల్ మీది నంబరు, స్విచ్ రంగు, పిన్ను రకం, ఏ స్విచ్ ఎక్కడికి మార్చారు. ఇంతకుముందు ఎవరి దగ్గర ఏ పనికి వాడారో అడిగి అది కూడా రాయండి. అమ్మేటప్పుడు అడిగితే రెండు నిమిషాలు ఆగి చెబుతారు, నెల తర్వాత ఫోన్ చేస్తే గుర్తుండదు.

కేబులుని కీబోర్డు చుట్టూ బిగించి చుట్టకండి, కీబోర్డులోంచి బయటికొచ్చే చోట వంగి తెగుతుంది. వదులుగా చుట్ట చుట్టి పక్కన పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది కీబోర్డు కీలు నెలల తరబడి నొక్కుకునే ఉంటాయి, పుస్తకాల్లా నిలబెట్టండి. పాత కాటన్ చీర ముక్క కప్పితే దుమ్ము పడదు, గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది. ఆరు నెలలకోసారి ఒక్కోటి తీసి, కంప్యూటర్‌కి పెట్టి, ఆ రోజు పనంతా దాని మీదే చేసి, ఆ పేజీలో తేదీ వేసి మళ్లీ లోపల పెట్టండి.